చప్పిడి సద్దితో వేంపల్లెకు

ఆ డిసెంబరులో అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు దిద్దుతుండగా ఒక సాయంత్రం అంకెలు రెండేసిగా కనిపించాయి. ఎనిమిది పక్కన ఇంకో ఎనిమిది. కళ్లు నులుముకున్నాను, దీపం వత్తి పెంచాను, అయినా రెండే. నేను లెక్కల అయ్యవారిని. అంకెలే నమ్మకం తప్పితే ఇంక దేన్ని నమ్మేది?

కర్నూలు అప్పుడు కొత్తగా రాజధాని. ఊరినిండా గుడారాలు, కొత్త ముఖాలు, అద్దె ఇళ్లకు తిరిగేవాళ్లు. బడిలో పిల్లలు రెట్టింపయ్యారు, గదులు మాత్రం పాతవే. పొద్దున గంట కొట్టినప్పుడు మొదలైన గుండెదడ సాయంత్రం గంట కొట్టినా తగ్గేది కాదు. డాక్టరు నా చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి, పాదరసం ఎక్కి దిగేదాకా చూశాడు.

"మీ నాన్నగారు ఎలా పోయారు?" అని అడిగాడు.

"పక్షవాతం."

"ఏ వయసులో?"

"నలభై ఏడు," అన్నాను. నాకు అప్పటికి నలభై ఆరు నిండాయి.

ఆయన చీటీ రాశాడు. ఎంత ఉందండీ అని అడిగితే, అంకె చెబితే మీరు దాన్నే పట్టుకుని కూర్చుంటారు అన్నాడు. క్రిస్మస్ సెలవులు పది రోజులూ బడిగంట వినపడని చోట ఉండాలి. ఉప్పు ముట్టకూడదు. కాఫీ వద్దు. చలిలో తిరగకూడదు. రోజుకు తొమ్మిది గంటలు నిద్ర. సర్పగంధి మాత్రలు పూటకొకటి. దిగులు పడకూడదు. తిరిగొచ్చిన మరునాడు మళ్లీ చూస్తాను, తగ్గకపోతే బడి సంగతి మరిచిపోవాల్సిందే అన్నాడు. చీటీలో ఆ దిగులు మాటొక్కటే ఏ అంగట్లోనూ దొరకని మందు.

బడిగంట వినపడని చోటంటే నాకు తోచింది ఒక్కటే. వేంపల్లెలో మా ఓబుళమ్మక్క. సెలవులకు రమ్మని ఆమె కొడుకు చేత కార్డు రాయించి అప్పటికి వారమైంది. కాని ఆ గడప తొక్కి ఆరేళ్లు. బావ సుబ్బారెడ్డి తన కొడుక్కు మా అమ్మాయిని అడిగాడు. మేనరికం, అడిగే హక్కు ఉంది. అమ్మాయి చదువుకుంటోందని నేను ఇయ్యనన్నాను. ఆ మాటతో రాకపోకలు నిలిచిపోయాయి. ఆ కుర్రాడికి వేరే సంబంధం చేసి రెండేళ్లయింది, ఆ పెళ్లికి మాకు పిలుపు లేదు.

అట్లాంటి ఇంటికి ఆరేళ్ల తర్వాత పోయి, విస్తరి ముందు కూర్చుని, ఉప్పు లేని కూడు పెట్టండి అని ఎట్లా అడగడం? మా సీమలో చప్పిడి తినేది చావు జరిగిన ఇంట్లో, లేదంటే మొక్కుబడిలో. పగ ఉన్నవాడు ఆ ఇంటి ఉప్పు తినడు. రోగం సంగతి చెబుదామంటే నాన్న అక్క కళ్ల ముందే కూలిపోయాడు, ఆమె ఏడుపు నేను చూడలేను. బావ ముందు రోగిష్టివాడిలా నిలబడటానికి నా మొండితనం ఒప్పుకోలేదు. చెప్పకుండా ఎలాగో నెట్టుకొస్తానని వస్తున్నట్టు మాత్రం అక్క పేరున కార్డు రాశాను.

పొద్దున ఆరూ ఇరవైకి కర్నూలులో రైలెక్కాను. మా ఆవిడ రెండు పూటలకు సరిపడా ఉప్పు లేని జొన్నరొట్టెలు, ఉప్పు లేని వంకాయకూర మూటగట్టింది. మఫ్లరు విప్పొద్దని నాలుగుసార్లు చెప్పింది. మూడో తరగతి పెట్టెలో కిటికీ చెక్క పైకి లేచి కిందికి రాలేదు, చలిగాలి చెవుల్లో దూరుతూనే ఉంది. నేను చేతిగడియారం చూసుకుంటూ నాడి లెక్కపెట్టుకున్నాను. ఎనభై ఎనిమిది. వెల్దుర్తి దాటాక మళ్లీ లెక్కపెట్టాను. తొంభై రెండు.

ఎనిమిదింబావుకు ద్రోణాచలం. నంద్యాల బండికి ఇంకా గంటంబావు ఉంది. ఇటు వచ్చేవాళ్లు ద్రోణాచలంలోనే నీళ్లు నింపుకోవడం మేలు, తర్వాత స్టేషన్లలో కుళాయిని నమ్ముకోలేం. ప్లాట్‌ఫారం మీద కాఫీ వాసన వచ్చింది. పదహారేళ్లుగా ఆ వేళకు కాఫీ తాగినవాణ్ణి. అటు తిరక్కుండా బెంచీ మీద కూర్చుని, కాఫీ తాగకపోతే తలనొప్పి వస్తుందా, వస్తే అది కాఫీ లేనందుకా, రక్తపోటు పెరిగినందుకా అని ఆలోచిస్తూ ఆ సమయమంతా గడిపాను.

పదిన్నరకు బేతంచెర్ల. పట్టాల పక్కన నాపబండలు నిలువుగా పేర్చి ఉన్నాయి. తలపాగా మీద, మీసాల మీద తెల్లటి దుమ్ముతో ఒక మనిషి ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. గనిలో బండలు చీల్చే పని, నంద్యాలలో బిడ్డను చూసేదానికి పోతున్నానన్నాడు. నేను మూట విప్పితే అతనూ విప్పాడు. ఎర్రగా నూరిన ఊరిబిండి పచ్చడి నా రొట్టె మీద పెట్టబోయాడు. ఉప్పు తినకూడదప్పా అని చెయ్యి అడ్డం పెట్టాను.

"ఉప్పు ల్యాకుండా ఎట్ల దిగుతాదప్పా గొంతులో?" అన్నాడు. "మాకైతే ఎండలో చెమట కారి కారి, ఉప్పు పడకపోతే మధ్యాన్నానికి పిక్కలు పట్టేస్తాయి. ఇట్లాంటి జబ్బు కూసోని పనిచేసేటోళ్లకే వస్తాదేమో."

తప్పేమీ అనలేదు. అయినా నాకు ఉక్రోషం వచ్చింది. ముఖం కిటికీ వైపు తిప్పి నాడి చూసుకున్నాను. తొంభై ఆరు.

నంద్యాలలో దిగేసరికి పన్నెండున్నర దాటింది. ఒకటిన్నరకు కడప బస్సు. కండక్టరు "దుడ్లు చిల్లర ఇయ్యండప్పా, నోట్లు వద్దు" అని అరుస్తూ ముప్పై మంది పట్టే బండిలో అంతకు సగం మందిని ఇంకా ఎక్కించాడు. రోడ్డు పొడుగునా పత్తిచేలు, దూరాన నల్లమల. అందం చూసే స్థితిలో నేను లేను. బండి గుంతలో పడినప్పుడల్లా తలలో ఒక నరం టకటకమంది. నాన్నకు కూడా ముందు తలలోనే మొదలైందని అక్క చెప్పేది.

ఆళ్లగడ్డలో మూడు గంటలకు అహోబిలం యాత్రికులు ఎక్కారు. ధనుర్మాసం కదా, పసుపు బట్టల మనుషులు చాలామంది ఉన్నారు. నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. నేను రెండో రొట్టె తీస్తే ఆమె చింతకాయ పచ్చడి ఇయ్యబోయింది. చప్పిడి తింటున్నానమ్మా అన్నాను. ఆమె వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుని నమస్కారం పెట్టింది.

"నరసింహసామి మొక్కా నాయనా? నేను చూడకుండా పచ్చడి పెట్టబోతిని. తప్పు అనుకోవద్దు."

"పరవాలేదమ్మా," అన్నాను. కాదని చెప్పలేదు. కాసేపటికి ఆమె నాకు కిటికీ పక్క చోటిచ్చి, తానే ఇరుక్కుని కూర్చుంది. అప్పుడు తోచింది. చప్పిడి రోగమైతే ఇంత వివరం చెప్పాలి. మొక్కయితే ఎవరూ ఏమీ అడగరు, తప్పుకుని దారి కూడా ఇస్తారు.

కడపలో ఆరున్నరకు దిగి బస్టాండు పక్క లాడ్జిలో గది తీసుకున్నాను. దుప్పటి వేరే అడగాలి, లేకపోతే ఇయ్యరు. భోజనానికి కింద హోటలుకు పోయి ఉప్పు లేని అన్నం దొరుకుతుందా అని అడిగాను. వడ్డించేవాడు గొంతు తగ్గించి, "ఇంట్లో ఎవరికన్నా ఏమన్నా అయినాదా సార్?" అన్నాడు. ఏమీ కాలేదని చెప్పి పాలూ అరటిపళ్లతో సరిపెట్టుకున్నాను. అక్క ఇంట్లో ఇదే ప్రశ్న వస్తుందన్న దిగులుతో నిద్ర సరిగా పట్టలేదు. మందుకు ముక్కు దిబ్బడేసింది. చీటీలోని తొమ్మిది గంటల్లో నాలుగు దక్కాయి.

మర్నాడు ఏడింటి బస్సుకు వేంపల్లె. తొమ్మిదిన్నరకు అక్క ఇంటి ముందు నిలబడ్డాను. వాకిట్లో చెనిక్కాయల కుప్ప, చుట్టూ కాయలు కోసే ఆడవాళ్లు. అక్క చేతిలో చేట కింద పెట్టేసి పరుగెత్తుకొచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని ముఖంలోకి చూసింది.

"చిక్కిపోతివి కదరా తమ్ముడూ."

బావ మంచం మీద నుంచి లేవలేదు. "రాప్పా," అన్నాడు. ఆరేళ్లకు ఒక్క మాట.

ఆ పూటే విస్తరి వేశారు. రాగిసంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి. కోడలు వడ్డిస్తోంది, అక్క పక్కన నిలబడింది, బావ నా చెయ్యి ఎటు పోతుందా అని చూస్తున్నాడు. నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. "అహోబిలం మొక్కు బావా, పది రోజులు చప్పిడి," అన్నాను.

కోడలు గరిటె పులుసు గిన్నెలోనే ఆపేసింది. తర్వాత బావ ముఖం కొంచెం మెత్తబడింది. "సామి మొక్కంటే మేం కాదనేదేముండాది. ఏమ్మే, ఆ కోడి తీసెయ్యి," అన్నాడు.

బతికాననుకున్నాను. చేతులు కడుక్కునేటప్పుడు అక్క పక్కకొచ్చి మెల్లగా అడిగింది. "మన రెండిండ్లు మళ్లీ కలవాలనే మొక్కుకుంటివి కదరా? నాకు తెలుసు. నేనూ అదే కోరుకుంటాండా ఇన్నేండ్లూ." ఆమె కళ్లనిండా నీళ్లు. అవునని తలూపాను. మొదటి అబద్ధం నోటితో ఆడాను, రెండోది తలతో. రెండోదానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మొక్కంటే చప్పిడితో పోదని నాకు మరునాడు తెలిసింది. తెల్లవారుజామున అక్క లేపింది. మొక్కు మీదున్నవాడు వేడినీళ్లు పోసుకోకూడదు. పెరటి బావిలోంచి చేది చన్నీళ్లు తల మీద పోసింది. మంచం తీసేసి చాప వేసింది. రాత్రిపూట అన్నం లేదు, ఒక పండు అంతే. ఆమె ఎంత ప్రేమగా చేస్తోందో అంత ప్రాణం మీదికి వస్తోంది. డాక్టరు చీటీ ప్రకారం చలి వద్దు, నిద్ర కావాలి, దిగులు వద్దు. మూడూ తలకిందులయ్యాయి. గడ్డివామి చాటుకు పోయి దొంగగా మాత్ర మింగి నాడి చూసుకునేవాణ్ణి. నూట రెండు. మరునాడు నూట ఆరు.

నాలుగో రోజు అక్క ఇంకో మాట చెప్పింది. మొక్కు తీర్చే రోజు ఇంటిల్లిపాదీ నాతో వస్తారట. దిగువ అహోబిలంలో ఆగకుండా ఎగువ అహోబిలం దాకా నడిచి ఎక్కుతారట. బావ కూడా వస్తానన్నాడట. వీధిలో నలుగురికి చెప్పేసింది కూడా. ఆ కొండదారి తలుచుకుంటే కూర్చున్నచోటే ఆయాసం వచ్చింది. ఏ మలుపులో పడిపోతానో, ఎవరు మోసుకొస్తారో అన్నంతవరకు పోయింది నా ఆలోచన.

అంత దూరం పోవాల్సిన పని లేకపోయింది. అయిదో నాడు బావి దగ్గర రెండో చేద నీళ్లు తల మీద పడగానే బావి గట్టు రెండుగా కనిపించింది. తర్వాత బావ చేతుల్లో ఉన్నాను. ఆయన చేనికి నీళ్లు తోడే కపిల దగ్గరికి పోతూ చూశాడట, దూకినట్టు వచ్చి పట్టుకున్నాడట. నా రొంటిన దోపుకున్న మాత్రల సీసా జారి బండ మీద పడింది. పగల్లేదు. బావ దాన్ని ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇదేందప్పా?"

చేతులు కాళ్లు కదిలించి చూసుకున్నాను. కదిలాయి. నోరు వంకర పోలేదు కదా అని పెదవులు తడుముకున్నాను. తర్వాత అన్నీ చెప్పేశాను. పోటు, నాన్న వయసు, చీటీ, బస్సులో పెద్దామె, మొక్కు అబద్ధమని, కలవాలని మొక్కుకోలేదని. ఆ చివరి మాట చెప్పేటప్పుడు అక్క వైపు చూడలేకపోయాను.

అక్క నేల మీద చతికిలబడింది. "నాయన పడిపోయిన పొద్దు చెంబుతో నీళ్లు పట్టింది నేనేరా. నిన్ను నా చేతుల్తో నేనే చన్నీళ్లలో ముంచుతాంటినే," అని ఏడ్చింది. బావ సీసా నా పక్కన పెట్టి చేనికి పోయాడు. నరసింహస్వామి పేరు పెట్టి వాళ్లను నమ్మించానన్న కోపమని అనుకున్నాను. సంచి సర్దుకున్నాను. మధ్యాహ్నం కడప బస్సు ఎన్నింటికో కోడల్ని అడిగాను కూడా.

మధ్యాహ్నం బావ వచ్చి, కాళ్లు కడుక్కుని, నా విస్తరి పక్కనే కూర్చున్నాడు.

"నాగ్గూడా చప్పిడే పెట్టు," అన్నాడు అక్కతో.

"నీకెందుకు బావా?" అన్నాను.

"వచ్చినోడు చప్పిడి తింటాంటే ఇంటోడు ఉప్పు తినేది యాడి మర్యాద?" ముద్ద నోట్లో పెట్టుకుని, ముఖం చిట్లించి, మింగాడు. మూడు ముద్దలయ్యాక నా వైపు చూడకుండానే అన్నాడు. "నీ బిడ్డను ఇయ్యకపోతివి. సరే, అది నీ ఇష్టం. నీకు రోగమొస్తే గూడా మాకు చెప్పగూడదా? అంత కానోళ్లమైపోతిమా?"

ఆయన పెట్టుకున్నట్టే నేనూ ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

ఆ పూటనుంచి ఇంట్లో అందరికీ ఒకటే కుండ, ఉప్పు లేని కుండ. నేను వద్దంటే వినలేదు. మర్నాడు వీధిలో ఉప్పమ్మేవాడు వస్తే కోడలు మాకొద్దని పంపించేసింది. అది చూసిన ఎదురింటి ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "ఎవరు పోయినారు సుబ్బారెడ్డీ?" అని అడిగింది.

"ఎవరూ పోల్యా," అన్నాడు బావ. "పోకుండా చూసుకుంటాండాం."

మిగిలిన రోజుల గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. అదే వాటి గొప్ప. మంచం తిరిగొచ్చింది. పొద్దెక్కాక వేడినీళ్ల స్నానం. ఉప్పు లేని లోటుకు అక్క నిమ్మకాయ పిండి, వెల్లుల్లి కాల్చి, ఉల్లిపాయ, కొత్తిమీర వేసి సంగటికి రుచి తెప్పించింది. నాలాంటి జబ్బువాళ్లకు ఈ కిటుకు పనికొస్తుంది. సాయంత్రాలు బావతో పాపఘ్ని ఏటి ఇసుకలో నడక. ఆయన పశువుల గురించి, చెనిక్కాయ తెగులు గురించి చెప్పేవాడు, నేను వినేవాణ్ణి. భయం పోలేదు. నిద్రలో చెయ్యి తిమ్మిరెక్కితే లేచి కూర్చునేవాణ్ణి. కాని పక్క మంచం మీద నుంచి బావ "ఏమప్పా, బాగుండావా?" అని అడిగేవాడు. బాగున్నాను అని చెప్పడానికి నేను ముందు బాగున్నానో లేదో చూసుకోవాల్సి వచ్చేది. చాలాసార్లు బాగానే ఉండేవాణ్ణి. ఈ దారిన ఎవరైనా సెలవులకు చుట్టాలింటికి పోతే, మందుచీటీని మొదటి రోజే ఇంటివాళ్ల చేతిలో పెట్టమంటాను.

బయలుదేరే రోజు అందరూ బస్సు దాకా వచ్చారు. అక్క సద్దిమూట ఇచ్చింది. రొట్టెల పక్కన గుడ్డలో చిన్న ముడి ఉంది. ఉప్పు.

"డాక్టరు తినమన్న పొద్దు, ముందు ఈ ఉప్పే వేసుకో. ఇది మన ఇంటిది," అంది. తర్వాత గొంతు తగ్గించి, "సామి పేరెత్తి అబద్ధమాడితివి. ఆ మొక్కు నేను మొక్కుకున్నాలే. నీకు తగ్గితే నేనే కొండెక్కుతా," అంది.

బస్సు కదిలేటప్పుడు బావ కిటికీ కమ్మీ పట్టుకుని నాలుగడుగులు నడిచాడు. "డాక్టరు ఏమన్నాడో జాబు రాయి. నీ జాబు వచ్చేదాకా నేను చప్పిడే," అన్నాడు.

ఆ రాత్రికి కడపలో అదే లాడ్జి. మరునాడు పొద్దున్నే నంద్యాల బస్సు, మధ్యాహ్నం రెండుకు ద్రోణాచలం రైలు. నాలుగింటికి బండి బేతంచెర్లలో ఆగింది. పేర్చిన బండలు చూడగానే ఒక సంగతి గుర్తొచ్చింది. గడియారం చూసి ప్రతి స్టేషన్లో బండి వేళ రాసుకుంటూనే ఉన్నాను, పొద్దున్నుంచి నాడి మాత్రం చూసుకోలేదు. చూద్దామని మణికట్టు పట్టుకున్నాను, పట్టుకుని వదిలేశాను. రేపు పాదరసం ఎక్కడ నిలుస్తుందో నాకు తెలియదు. తగ్గకపోతే బడి పోతుంది, ఇంకేం పోతుందో ఊహించుకునే ధైర్యం లేదు. వచ్చేటప్పుడు ఈ దిగులు నా ఒక్కడిదే. ఇప్పుడు వేంపల్లెలో ఒక మొండి మనిషి దీనికోసం ముఖం చిట్లించుకుని చప్పిడి సంగటి మింగుతున్నాడు.

సంచిలోంచి పోస్టుకార్డు తీశాను. బండి కుదుపుకు అక్షరాలు వంకరపోతున్నా, మోకాలి మీద పెట్టుకుని చిరునామా రాశాను. ఆరేళ్లలో ఆయన పేరు నేను రాయడం అదే మొదలు. వెనకవైపు 'బావగారికి నమస్కారములు' అని రాసి, కింద అంతా డాక్టరు మాట కోసం ఖాళీగా వదిలాను.